టీషర్ట్ కనిపించని ప్రమోటర్లు: సోషల్ మీడియా ఫోన్ల మార్కెటింగ్‌ని ఎలా మార్చేసింది?

మనం ఇక్కడ రోజూ ప్రాసెసర్లు, కెమెరా సెన్సార్లు, ఛార్జింగ్ స్పీడ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం పక్కకి వెళ్దాం. అసలు ఒక ఫోన్ గురించి మనకి ఎవరి ద్వారా తెలుస్తోంది, కొన్నాక ఏదైనా తేడా వస్తే కంపెనీ మన మాట ఎప్పుడు వింటుంది, ఎప్పుడు వినదు అన్నది ఈ ఆర్టికల్ సబ్జెక్ట్. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఒకప్పుడు ఫోన్ కొనాలంటే మొబైల్ షాపుకే వెళ్లేవాళ్లం. కౌంటర్ దగ్గర ఏదో ఒక కంపెనీ టీషర్ట్ వేసుకుని ఒక కుర్రాడు నిలబడి ఉండేవాడు. మనం ఏ మోడల్ అడిగినా "అన్నా, దాని బదులు ఇది చూడండి, కెమెరా సూపర్ ఉంటది" అనేవాడు. అతను ఆ కంపెనీ ప్రమోటర్ అని, ఫోన్ అమ్ముడైతే ఇన్సెంటివ్ వస్తుందని ఆ టీషర్ట్ చూస్తేనే అర్థమైపోయేది. కాబట్టి అతను చెప్పింది విని, సగం తీసేసి, మిగతా సగం నమ్మేవాళ్లం. ఇప్పుడు అదే మాట రీల్స్‌లో, షార్ట్స్‌లో, టెలిగ్రామ్ డీల్స్ గ్రూపుల్లో వింటున్నాం. టీషర్ట్ మాత్రం కనిపించడం లేదు. ఎంత తీసేయాలో, ఎంత నమ్మాలో తెలియట్లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అప్పట్లో ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్ వాడు చెప్పిందే వేదం. ఇప్పుడు ఒక్క పోస్టుతో పెద్ద కంపెనీని కూడా జవాబు చెప్పించిన సందర్భాలు ఉన్నాయి. అంటే సోషల్ మీడియా కస్టమర్‌కి గొంతు ఇచ్చింది, అదే కస్టమర్‌ని కంపెనీ తరఫున జీతం లేకుండా పనిచేసేవాడిగా కూడా మార్చింది. ఈ రెండూ కలిసే వచ్చాయి. ఎలా వచ్చాయో చూద్దాం.

వంద మందితో మొదలు

షావోమీ 2010 ఏప్రిల్‌లో బీజింగ్‌లో మొదలైంది. వాళ్లు మొదట ఫోన్ చెయ్యలేదు. ఆ ఏడాది ఆగస్టులో ఎంఐయూఐ అనే ఆండ్రాయిడ్ రామ్ వదిలారు. ఆన్‌లైన్లో ఆండ్రాయిడ్ పిచ్చితో తిరిగే వాళ్లలోంచి ఒక వంద మందిని పట్టుకుని, మీ ఫోన్‌లో ఇది ఫ్లాష్ చేసి వాడి చూడండి అన్నారు. అప్పట్లో రామ్ ఫ్లాష్ చేసిన వాళ్లకి తెలుసు, ఎక్కడైనా తేడా కొడితే ఫోన్ ఇటుకరాయి అయిపోయేది. అలాంటి రిస్క్ తీసుకున్న ఆ వంద మంది పేర్లని స్టార్టప్ స్క్రీన్ మీద వేశారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఒక అప్‌డేట్. వాడినవాళ్లు బగ్స్ చెప్తారు, ఫీచర్లు అడుగుతారు, వచ్చే వారం వాటిలో కొన్ని వచ్చేస్తాయి.

ఒక ఇంజినీర్‌గా చూస్తే ఇది అద్భుతమైన సెటప్. టెస్టింగ్ టీమ్ ఫ్రీ, ఫీడ్‌బ్యాక్ ఫ్రీ. "నేను అడిగిన ఫీచర్ పెట్టారు తెలుసా" అని పది మందికి చెప్పుకునే పబ్లిసిటీ కూడా ఫ్రీ. 2011 ఆగస్టులో మొదటి ఫోన్‌ని 1,999 యువాన్ల ధరకి ప్రకటించినప్పుడు టీవీ యాడ్స్‌తో పెద్దగా పనిపడలేదు. కొనేవాళ్లు అప్పటికే రెడీగా ఉన్నారు.

అదే పద్ధతి 2014 జులైలో మన దేశానికి వచ్చింది. ఫ్లిప్‌కార్ట్‌లో ఎంఐ 3, ధర 13,999 రూపాయలు. ఫ్లాష్ సేల్ అనే మాట మనవాళ్లలో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే. కాలేజీ ల్యాబుల్లో నాలుగైదు సిస్టమ్స్ ముందు కూర్చుని రిఫ్రెష్ కొట్టిన బ్యాచ్‌లు మీకు తెలిసే ఉంటాయి. స్టాక్ సెకన్లలో అయిపోయిన సేల్స్ ఉన్నాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫోన్ దొరికినవాడు "దొరికింది" అని పోస్ట్ పెడతాడు. దొరకనివాడు "ఈసారి కూడా మిస్ అయింది" అని తిట్టుకుంటూ పెడతాడు. రెండూ యాడ్సే. రెండోరకం వాళ్లే ఎక్కువ కాబట్టి అసలు పబ్లిసిటీ చేసింది ఫోన్ దొరకనివాళ్లే అనుకోవచ్చు!

ఏడాది తిరిగేసరికి, 2015 ఆగస్టులో, రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్ మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో తయారై విశాఖపట్నంలో విడుదలైంది. ఫ్యాన్స్ గుంపుగా మొదలైన వ్యవహారం ఫ్యాక్టరీ దాకా వెళ్లిందన్నమాట.

వన్‌ప్లస్ ఇంకో అడుగు ముందుకేసింది. 2014లో మొదటి ఫోన్‌ని ఇన్విటేషన్ ఉంటేనే కొనాలని పెట్టారు. ఫోన్ కొన్నవాడికి ఫ్రెండ్స్‌కి ఇవ్వడానికి ఇన్విటేషన్లు వచ్చేవి. చూశారా తెలివి? యాడ్ చూపిస్తే మనం స్కిప్ చేస్తాం. ఫ్రెండ్ "నీకోసం ఇన్విటేషన్ దాచాను బ్రో" అంటే స్కిప్ చెయ్యలేం కదా. ప్రచారం చేసే పనిని ఫ్రెండ్‌షిప్ మీద పెట్టేశారు.

ఇలాంటి ఆటలు ఎదురు తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో వాళ్లు పాత ఫోన్‌ని పగలగొట్టి వీడియో తీస్తే కొత్త ఫోన్ ఒక డాలర్‌కే ఇస్తామని పోటీ పెట్టారు. తమని సెలెక్ట్ చెయ్యకముందే కొంతమంది ఫోన్లు పగలగొట్టేసుకున్నారు. కంపెనీ తర్వాత పాత ఫోన్ దానం చేసే ఆప్షన్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఆగస్టులో అమ్మాయిల ఫొటోలతో పెట్టిన ఇంకో పోటీ మీద సోషల్ మీడియాలో ఎంత గొడవైందంటే, పెట్టిన కొన్ని గంటల్లోనే తీసేశారు. పైకి లేపిన జనమే కింద పడేస్తారు.

ఒక్క బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ ఏం చేసింది

నా దృష్టిలో కస్టమర్ బలం ఏంటో బాగా చూపించిన కేసు 2017 డిసెంబర్ నాటి ఐఫోన్ బ్యాటరీ వ్యవహారం. చాలామందికి దీని పేరు తెలుసుగానీ స్టెప్ బై స్టెప్ ఏం జరిగిందో తెలియదు. కొంచెం వివరంగా చెప్తాను.

రెడ్డిట్‌లో ఒక ఐఫోన్ 6ఎస్ యూజర్ తన ఫోన్ బాగా స్లో అయిందని, బ్యాటరీ మార్చగానే మామూలుగా అయిపోయిందని రాశాడు. అక్కడితో ఆపితే "నీ అదృష్టం బాగుంది బ్రో" అని నాలుగు కామెంట్లు వచ్చి ఆగిపోయేది. అతను గీక్‌బెంచ్ స్కోర్లు పెట్టాడు. సింగిల్ కోర్ స్కోరు బ్యాటరీ మార్చకముందు 1,466, మార్చాక 2,526. ప్రాసెసర్ అదే, సాఫ్ట్‌వేర్ అదే. బ్యాటరీ ఒక్కటే మారింది. మిగతావాళ్లు కూడా తమ ఫోన్లలో టెస్ట్ చేసి చూడటం మొదలెట్టారు.

తర్వాతి అడుగు గీక్‌బెంచ్ తయారు చేసిన జాన్ పూల్ వేశాడు. ఆయన దగ్గర లెక్కలేనన్ని ఫోన్ల స్కోర్లు ఉన్నాయి. వాటిని ఐఓఎస్ వెర్షన్ల వారీగా విడదీసి గ్రాఫ్ గీశాడు. మామూలుగా ఒక మోడల్ ఫోన్లన్నీ ఒకే స్కోరు చుట్టూ గుంపుగా ఉండాలి, అంటే గ్రాఫ్‌లో ఒకే శిఖరం కనపడాలి. ఐఓఎస్ 10.2.0లో అలాగే ఉంది. 10.2.1 వచ్చాక కింది స్కోర్ల దగ్గర చిన్న చిన్న శిఖరాలు కొత్తగా లేచాయి. బ్యాటరీ పాతబడితే స్కోరు మెల్లగా, ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ కొన్ని ఫిక్స్‌డ్ స్కోర్ల దగ్గరే ఫోన్లు గుంపులుగా ఆగిపోయాయి. అంటే ఎవరో కోడ్‌లో లిమిట్ పెట్టారని అర్థం. డేటాతో కంపెనీ చొక్కా పట్టుకోవడం అంటే ఇదే.

ఆ గ్రాఫ్ డిసెంబర్ 18న వచ్చింది. 20న యాపిల్ ఒప్పుకుంది: పాతబడిన బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ పవర్ ఇవ్వలేక ఫోన్ ఆఫ్ అయిపోకుండా, ప్రాసెసర్ వేగాన్ని తగ్గిస్తున్నామని. 28న బహిరంగంగా క్షమాపణ చెప్పింది. వారంటీ లేని ఫోన్లకి బ్యాటరీ మార్పిడి ధరని 79 డాలర్ల నుంచి 29 డాలర్లకి తగ్గించింది. మన దగ్గర 6,500 రూపాయలున్నది పన్నులు కాకుండా 2,000 అయింది. 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ హెల్త్ స్క్రీన్ వచ్చింది. ఇవాళ ఓఎల్‌ఎక్స్‌లో సెకండ్ హ్యాండ్ ఐఫోన్ చూసేటప్పుడు మనం మొదట అడిగేది "బ్యాటరీ హెల్త్ ఎంత?" అనే కదా. ఆ నంబర్ మనకి దొరకడం వెనక ఆ రెడ్డిట్ పోస్ట్ ఉంది. 2019 జనవరిలో టిమ్ కుక్ ఇన్వెస్టర్లకి రాసిన లేఖలో ఐఫోన్ అమ్మకాలు తగ్గడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీ మార్పిడి కూడా ఒకటి. అమెరికాలో కేసుల సెటిల్‌మెంట్ 50 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, వేగం తగ్గించడం ఇంజినీరింగ్‌గా తప్పేమీ కాదు. ఫోన్ మధ్యలో ఆఫ్ అయిపోవడం కంటే స్లోగా నడవడం నయం. చెప్పకుండా చెయ్యడమే సమస్య. స్లో అయిందనుకుని కొత్త ఫోన్ కొన్నవాడికి, బ్యాటరీ మారిస్తే సరిపోతుందని తెలిస్తే ఎంత మిగిలేది!

2023 మార్చిలో శాంసంగ్ చంద్రుడి ఫొటోల విషయంలో జరిగింది కూడా ఇలాంటిదే. ఒక రెడ్డిట్ యూజర్ చంద్రుడి బొమ్మని 170 బై 170 పిక్సెల్స్‌కి తగ్గించి, ఇంకా బ్లర్ చేసి, మానిటర్ మీద పెట్టి, గదిలో లైట్లు ఆర్పేసి, దూరం నుంచి ఎస్23 అల్ట్రాతో ఫొటో తీశాడు. మానిటర్ మీద లేని గుంతలు, మచ్చలు ఫొటోలో వచ్చాయి. తర్వాత శాంసంగ్ చంద్రుణ్ణి గుర్తుపట్టి ఏఐతో డీటెయిల్ పెంచే పద్ధతి ఎలా పనిచేస్తుందో వివరంగా రాయాల్సి వచ్చింది. యాడ్‌లో చెప్పిన మాటని ఇంట్లో కూర్చుని టెస్ట్ చెయ్యొచ్చు, ఆ రిజల్ట్ ప్రపంచం మొత్తం చూస్తుంది. పాత రోజుల మార్కెటింగ్‌కి ఈ భయం లేదు.

మీ పోస్ట్ కంపెనీకి ఎలా కనిపిస్తుంది

ఇప్పుడు తెర వెనక్కి వెళ్దాం. మా టీమ్ కొన్నాళ్లు ఇలాంటి కస్టమర్ సపోర్ట్ టూల్ మీద పనిచేసింది, కాబట్టి ఇది దగ్గర్నుంచి చూసిందే.

మీరు ఎక్స్‌లో కంపెనీని ట్యాగ్ చేసి "ఫోన్ హీట్ అవుతోంది" అని రాస్తే, దాన్ని ముందు చదివేది మనిషి కాదు. బ్రాండ్ పేరు, మోడల్ పేరు ఉన్న పోస్టుల్ని ఒక టూల్ లాగుతుంది. తిట్టా, పొగడ్తా, ప్రశ్నా అని లేబుల్ వేస్తుంది. తర్వాత అది ఒక టికెట్ అవుతుంది. టికెట్‌కి ప్రయారిటీ ఉంటుంది. ఆ ప్రయారిటీ లెక్కలో ఫాలోయర్ల సంఖ్య, పోస్ట్ ఎంత వేగంగా షేర్ అవుతోంది లాంటివి కూడా పెట్టుకోవచ్చు. అంటే ఒకే సమస్యతో ఇద్దరు రాస్తే, లక్ష మంది ఫాలోయర్లున్నవాడి టికెట్ పైకి, రెండొందల మందున్నవాడిది కిందకి వెళ్లే అవకాశం ఉంది. మనం మాట్లాడగలుగుతున్నాం, నిజమే. గొంతులన్నీ సమానం మాత్రం కాదు.

తెలుగువాళ్లకి ఇంకో చిక్కు. మనలో చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, ఒక్కొక్కరి స్పెల్లింగ్ ఒక్కోలా. దాని మీద వెటకారం ఒకటి. "సూపర్ ఫోన్ బ్రో, దాని మీద దోసె వేసుకోవచ్చు" అని రాస్తే మనందరికీ ఫోన్ కాలిపోతోందని అర్థమవుతుంది. టూల్‌కి "సూపర్ ఫోన్" ఒక్కటే కనిపించి, పొగడ్త లెక్కలో వేసుకునే ప్రమాదం ఉంది. కంప్లయింట్ రాసేటప్పుడు వెటకారం తగ్గించి సూటిగా రాయమని నేను చెప్పేది అందుకే.

ఇక టీమ్ పనితీరుని కొలిచే నంబర్లలో ఒకటి, మొదటి రిప్లైకి ఎంత టైమ్ పట్టింది అన్నది. "అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి డీఎం చేయండి" అన్న రిప్లై పది నిమిషాల్లో వచ్చేస్తే ఆ నంబర్ అందంగా కనిపిస్తుంది. సమస్య తీరిందా లేదా అన్నది వేరే నంబర్. డీఎంకి రమ్మనడంలో న్యాయమైన కారణం ఉంది, ఆర్డర్ నంబర్, ఫోన్ నంబర్ అందరి ముందూ పెట్టకూడదు కదా. కాకపోతే డీఎంలోకి వెళ్లాక ఆ సంభాషణ మిగతా కస్టమర్లకి కనిపించదు. సమస్య తీరితే తీరిందని, తీరకపోతే తీరలేదని మళ్లీ అసలు పోస్ట్ కిందే రాయండి. అదే మోడల్ వాడే ఇంకొకరికి అది పనికొస్తుంది.

ఒక హెచ్చరిక: మీరు కంప్లయింట్ పెట్టగానే కంపెనీ లోగో పెట్టుకున్న దొంగ అకౌంట్లు కూడా రిప్లై ఇస్తాయి. నంబర్ ఇచ్చి కాల్ చెయ్యమంటారు, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమంటారు, ఓటీపీ అడుగుతారు. అసలు కంపెనీ వెబ్‌సైట్లో ఇచ్చిన లింక్ ద్వారా వెళ్లిన అకౌంట్‌తోనే మాట్లాడండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చెయ్యాలి.

టీషర్ట్ వేసుకోమనే రూల్స్

సోషల్ మీడియాలో పొగడ్తకి డబ్బులివ్వడం కొత్తేం కాదు. 2013లోనే తైవాన్‌లో హెచ్‌టీసీని తిడుతూ, శాంసంగ్‌ని పొగుడుతూ ఆన్‌లైన్లో రాయించడానికి మనుషుల్ని పెట్టినందుకు అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ శాంసంగ్‌కి జరిమానా వేసింది. రేడియోలో జరిగిందిగానీ ఇంకో కేసు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో రేడియో యాంకర్లతో పిక్సెల్ 4 గురించి "నేను వాడుతున్నాను, ఫొటోలు భలే వస్తున్నాయి" అనే తరహాలో చెప్పించారు. వాళ్లలో చాలామంది చేతికి అసలు ఆ ఫోన్ ఇవ్వనే లేదు. 2022 నవంబర్‌లో గూగుల్, ఐహార్ట్‌మీడియా కలిపి 94 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నాయి. 2024 ఆగస్టులో టీమ్ పిక్సెల్ ప్రోగ్రామ్‌లో చేరే క్రియేటర్లకి ఇచ్చిన ఫారంలో, వేరే బ్రాండ్ ఫోన్లని ఎక్కువ ఇష్టపడుతున్నట్టు కనిపిస్తే బంధం తెగిపోవచ్చన్న కండిషన్ బయటపడింది. గొడవయ్యాక గూగుల్ దాన్ని తీసేసింది. ఫ్రీ ఫోన్‌కి నోటు కట్టక్కర్లేదుగానీ, నోరు కట్టేసుకోవాలన్నమాట.

మన దేశంలో రెండు మెట్లున్నాయి. ప్రకటనల రంగం తనకు తానుగా పెట్టుకున్న సంస్థ ఆస్కీ, ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం 2021లో గైడ్‌లైన్స్ తెచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా రూల్స్ చెప్పింది. డబ్బు ఒక్కటే కాదు, ఫ్రీ ఫోన్, డిస్కౌంట్, ట్రిప్, హోటల్ బస ఏది తీసుకున్నా చెప్పాలి. వీడియో అయితే డిస్క్రిప్షన్‌లో మూల రాస్తే సరిపోదు, వీడియోలో కనపడాలి, మాటలోనూ వినపడాలి. హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో కలిపెయ్యకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంటుంది. షాపులో కుర్రాడు వేసుకున్న టీషర్ట్‌నే ఈ రూల్స్ ఇన్‌ఫ్లుయెన్సర్‌కి తొడుగుతున్నాయి.

రివ్యూలు రాసే మాకూ ఇది వర్తిస్తుంది. కంపెనీ పంపిన యూనిట్‌ని తర్వాత వెనక్కిచ్చేసినా, అది కంపెనీ పంపిందేనని రివ్యూలో ఉండాలి. లేకపోతే కామెంట్లో అడగండి, ఎవరి సైట్ అయినా సరే.

చూసేటప్పుడు నేను గమనించేవి చెప్తాను. లాంచ్ రోజే పదిహేను ఛానళ్లలో ఒకే టైమ్‌కి వీడియోలు వస్తే అది ఎంబార్గో, అందులో తప్పేమీ లేదు. కానీ అందరి నోటా ఒకే మూడు పాయింట్లు, ఒకే వరుసలో వస్తే అది కంపెనీ పంపిన బ్రీఫ్ అయ్యుండొచ్చు. కింద కొనే లింక్ ఉంటే అది అఫిలియేట్ లింక్ అయ్యే అవకాశం ఎక్కువ, మీరు కొంటే వాళ్లకి కమిషన్. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆరు నెలలు వాడాక మళ్లీ వీడియో చేసే ఛానల్ మాటకి నేను ఎక్కువ విలువ ఇస్తాను. లాంచ్ రోజు వీడియోకి వచ్చినన్ని వ్యూస్ దానికి రావు, అయినా చేస్తున్నాడంటే చూసేవాడి గురించి ఆలోచిస్తున్నట్టే.

మీ ఫోన్‌కి సమస్య వస్తే

అమోలెడ్ స్క్రీన్ మీద పచ్చ గీత పడిన ఫొటోలు మీ టైమ్‌లైన్లో చూసే ఉంటారు. అప్‌డేట్ వేశాక గీత వచ్చిందని మన దేశంలో చాలామంది వన్‌ప్లస్ యూజర్లు ఫొటోలతో సహా పోస్టులు పెట్టారు. ఒక్కొక్కరు సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అడిగితే "మీరే కింద పడేసి ఉంటారు" అనడానికి వీలుంటుంది. వందల ఫొటోల్లో ఒకే రకం గీత కనిపిస్తుంటే ఆ మాట నిలబడదు. 2023లో కంపెనీ కొన్ని మోడళ్లకి స్క్రీన్ మీద లైఫ్‌టైమ్ వారంటీ ప్రకటించింది, 2024లో దాన్ని ఇంకా విస్తరించింది.

కాబట్టి పోస్ట్ పెడితే పనికొచ్చేలా పెట్టండి. మోడల్, సాఫ్ట్‌వేర్ బిల్డ్ నంబర్, కొన్న నెల, సమస్య ఎప్పటి నుంచి వస్తోందో రాయండి. హీటింగ్ అయితే ఏ యాప్‌లో, ఎంతసేపటికి వచ్చిందో చిన్న వీడియో తీయండి. ఐఎంఈఐ, బిల్లు మీది అడ్రస్ కనపడకుండా కవర్ చెయ్యండి. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ ఇస్తే జాబ్ షీట్ తప్పకుండా తీసుకోండి. "పర్లేదు బ్రో, నోట్ చేసుకున్నాం" అంటే వినొద్దు, కాగితం చేతికి వచ్చేదాకా కదలొద్దు.

వైరల్ కాకపోయినా దారి ఉంది. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీస్ బెంగళూరులో ఉన్నా, గుర్గావ్‌లో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, ఆన్‌లైన్లోనే ఫైల్ చెయ్యొచ్చు. అక్కడ మీకు ఎంతమంది ఫాలోయర్లున్నారని ఎవరూ అడగరు, బిల్లు, జాబ్ షీట్ అడుగుతారు.